నాంచారి లేని ఫొటో

పొద్దున లేచి చూస్తే మా ఇంట్లో ఫ్యాను లేదు. గాలి మాత్రం వస్తోంది.

పైన కొక్కెం ఉంది. దానికి వేలాడాల్సింది లేదు. కింద గాలి మామూలుగానే గుండ్రంగా తిరుగుతోంది, మూడో నంబరు మీద పెట్టినంత వేగంగా. స్విచ్చి కట్టేస్తాను. గాలి ఆగుతుంది. మళ్ళీ వేస్తాను. వస్తుంది. కిర్రు కిర్రుమనే చప్పుడు కూడా వస్తుంది. ఆ చప్పుడుకి కాస్త నూనె చుక్క వెయ్యమని నాంచారి ఆర్నెల్లుగా పోరుతోంది. ఇప్పుడు దేనికి వెయ్యను?

"మొన్న తీసిన ఫొటోలో ఉందేమో చూడవయ్యా," అంటుంది నాంచారి మంచం మీంచి.

ఫోను తీసి చూస్తాను. ఫొటోలో కూడా లేదు.

నాంచారి నా భార్య. ఆవిడ గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోదు. నేను ఆటోనగర్‌లో లారీలకి రంగులేస్తాను. లారీకి వాల్వు పోతే మా పక్క షెడ్డులో మధ్యాహ్నం భోజనాల లోపల మార్చేస్తారు. మనిషికి అలా కుదరదట. ఆస్పత్రిలో డాక్టరు ముందు నాకు కుర్చీ వేయించాడు, ఆ తరవాత ఖర్చు చెప్పాడు. ఆపరేషన్ చెయ్యకపోతే ఈ వర్షాకాలం దాటదన్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం తనే లేచి నిలబడ్డాడు.

అరచెయ్యి ఫౌండేషన్ అని ఒకటుంది. వాళ్ళకో యాప్ ఉంది. మన ఫొటో అందులో పెడతారు. ఎక్కడెక్కడి వాళ్ళో బస్సులో కూచునో, కాఫీ తాగుతూనో చూస్తారు. జాలేస్తే బొటనవేలితో నొక్కి డబ్బు పంపుతారు. ఫొటో కింద ఒక పచ్చగీత. వేలు పడ్డప్పుడల్లా గీత ముందుకి జరుగుతుంది. ఆ చివరికంటా జరిగితే ఆపరేషన్.

పది రోజుల కింద ఫొటో తియ్యడానికి వచ్చారు. తప్పు అక్కడే జరిగింది. ఫొటో అనగానే నాంచారి తన పెళ్ళినాటి చిలకపచ్చ పట్టుచీర కట్టింది. మొహానికి పౌడరు రాసింది. పక్కింటి ఖాజాబీని అడిగి ఆవిడ సోఫా తెప్పించింది. స్టవ్వు మీద ఖాజాబీ ఎర్ర కుక్కర్ పెట్టించింది. గోడకి నేనే నీలం రంగు వేశాను, లారీకి వాడగా మిగిలింది. నా చేత తెల్లచొక్కా తొడిగించింది. కట్టుకున్నదాని ప్రాణం పోతోందని దేశానికి చెప్పే ఫొటోకి మేము పేరంటానికి వెళ్ళినట్టు తయారయ్యాం.

ఫౌండేషన్ తరఫున వచ్చిన పిల్ల పేరు స్రవంతి. మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో మా ఇంటి తలుపంత ఫోను.

"అమ్మా, నవ్వకూడదు," అంది ఆ పిల్ల.

"నవ్వకపోతే ఫొటో ఏం బాగుంటుందమ్మా? శవానికి తీసినట్టుంటుంది," అంది నాంచారి. ఇంకా గట్టిగా నవ్వింది. ఆవిడ నవ్వితే పైపన్ను ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. నేను పెళ్ళిచూపుల్లో ఒప్పుకున్నది ఆ పన్నునే.

స్రవంతి నాకో కాయితం ఇచ్చింది. నేను అయిదో తరగతిలో బడి మానేశాను గానీ, అక్షరాలు నా అంత అందంగా రాసేవాడు ఆటోనగర్ మొత్తంలో లేడు. చదవడం వేరు, రాయడం వేరు. కాయితం కింద చిన్న గడి ఉంది. ఫొటోలో అవసరమైన మార్పులు చేసుకోవచ్చా అని దాని పక్కన రాసి ఉందట. నేను చదవలేదు. ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అందులో ఎనిమిది రేకుల తామరపువ్వు వేశాను.

"ఇంత అందంగా ఒప్పుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు సార్," అంది స్రవంతి.

* * *

ఫ్యాను పోయిన మర్నాడు సోఫా పోతుంది. దాని మెత్తదనం పోదు. చూడకుండా కూచుంటే ఒళ్ళు దిగబడుతుంది, చూస్తే గాల్లో ఉంటాం. మధ్యాహ్నానికి కుక్కర్ పోతుంది. విజిల్ మటుకు పన్నెండున్నరకి మూడుసార్లు వస్తుంది.

విజిల్ విని ఖాజాబీ వస్తుంది.

"బసవన్నా, నా కుక్కర్ ఇచ్చెయ్యి. అన్నం పెట్టుకోవాలి."

"లేదు ఖాజాబీ."

"మరి ఇప్పుడు కూసింది ఏంది, నువ్వా?"

ఆవిడకి ఫోను చూపిస్తాను. ఫొటోలో స్టవ్వు ఉన్నచోట మూడు రాళ్ళున్నాయి. తల తిప్పి చూస్తే మా ఇంట్లోనూ మూడు రాళ్ళే ఉన్నాయి. ఖాజాబీ ఒక రాయిని కాలితో తట్టి చూస్తుంది. రాయే.

"అంటే నీ పెళ్ళాం ఆపరేషన్‌కి నా సోఫా దానం చేసినట్టా?" అంటుంది. కోపంతో కూలబడుతుంది. సరిగ్గా సోఫా ఉన్నచోటే కూలబడుతుంది కాబట్టి కింద పడదు. మెత్తగా దిగి, రెండుసార్లు ఊగి, అలా గాల్లోనే ఉండిపోతుంది. కాసేపటికి ఆవిడ కోపం తగ్గుతుంది. "ఇదివరకటి కంటే మెత్తగా ఉంది వదినా," అంటుంది నాంచారితో.

నాంచారి నవ్వుతుంది. నవ్వుతూ గుండె పట్టుకుంటుంది.

నేను స్రవంతికి ఫోను చేస్తాను. మా యాప్‌లో మిషను నేర్చుకుంటోంది సార్ అంటుంది. ఒక వెయ్యిమందికి ఫ్యాను ఉన్న ఫొటో చూపిస్తుందట, ఇంకో వెయ్యిమందికి ఫ్యాను లేనిది. ఎటు ఎక్కువ వేళ్ళు పడితే అదే నిలుస్తుంది. ఇందులో మనిషి ప్రమేయం లేదట. గర్వంగా చెబుతుంది.

"ఫొటోలో తీస్తే ఇంట్లో ఎందుకు పోతున్నాయమ్మా?"

"దాతలు ఇంటికొచ్చి చూస్తే అబద్ధం అనిపించకూడదు కదా సార్. మాది పారదర్శకమైన సంస్థ."

నిజమే కదా అనిపిస్తుంది. పచ్చగీత మూడో వంతు దాటింది కూడాను.

ఆ వారంలో గోడ నీలం రాలిపోతుంది. పైకప్పులో ఒక రేకు మాయమై, ఎండ తిన్నగా నాంచారి దిండు మీద పడుతుంది. నా తెల్లచొక్కా చిరుగుతుంది, వేసుకున్నది వేసుకున్నట్టుగానే, భుజం దగ్గర, ఎవరో కొలిచి చింపినట్టు. రాత్రికి రాత్రి కాదు, అద్దం ముందు నిలబడి చూస్తుండగానే నా మీసం తెల్లబడుతుంది. యాభై ఒకటికే అరవై అయిదొస్తాయి. ముప్ఫై ఏళ్ళు రంగుల్లో కలిపే థిన్నర్ పీల్చి వణికే నా కుడిచెయ్యి మటుకు అలాగే ఉంచారు. వణుకు ఫొటోలో పడదు. ఫొటోలో పడనిది వాళ్ళు తియ్యలేరు. అది నాకప్పుడు అర్థమవుతుంది.

శుక్రవారం నాడు, పూజకని కట్టుకున్న పట్టుచీర పోతుంది. నాంచారి అన్నం కలుపుతూ ఉంటుంది. ముద్ద నోట్లో పెట్టుకునే లోపల వెలిసిపోయిన నూలుచీరలో ఉంటుంది. దాని గరగర మాత్రం, ఆవిడ కదిలినప్పుడల్లా పట్టు గరగరే.

"అది మా అమ్మ కొన్న చీర," అంటుంది. ముద్ద కంచంలో పెట్టేస్తుంది.

శనివారం నవ్వు పోతుంది. ఖాజాబీ ఏదో జోకు వేస్తుంది. నాంచారి నవ్వుతుంది. గలగలా వినిపిస్తుంది, గది నిండా. కానీ మొహం మీద ఏమీ జరగదు. పెదాలు ఒకదానికొకటి అతికించినట్టు ఉన్నాయి. కళ్ళు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాయి, ఏమైందని. ఖాజాబీ చేతిలో టీగ్లాసు జారిపోతుంది.

ఆ ఒక్కరోజే పచ్చగీత నాలుగింట మూడు వంతులు దాటుతుంది.

* * *

సోమవారం నాంచారికి నీళ్ళు ఇస్తాను. గ్లాసు పట్టుకున్న ఆవిడ చేతిలోంచి వెనకాల గోడ కనిపిస్తుంది. గోడ మీది చెమ్మ మరక కూడా కనిపిస్తుంది.

ఫోను చూస్తాను. ఫొటోలో మంచం ఉంది. మంచం పక్కన ముసలాడిలా నేనున్నాను. మంచం మీద నాంచారి నీళ్ళలో కలిపిన రంగులా ఉంది. ఇంకో వెయ్యిమందికి నాంచారి లేని ఫొటో చూపిస్తున్నారు.

చొక్కా మార్చుకోవడానికి ఇంకోటి లేదు. అలాగే పరిగెడతాను.

ఫౌండేషన్ ఆఫీసు బందరు రోడ్డు మీద అద్దాల మేడ. నేల కూడా అద్దమే. అడుగులు వేస్తే కదలం, కాలు పక్కకి జరపాలి. స్రవంతి గది వరండా చివర కనిపిస్తూనే ఉంటుంది. నేను గబగబా జరుపుతాను. వరండా పొడుగవుతుంది. ఇంకా గట్టిగా జరుపుతాను. గది అగ్గిపెట్టెంత అయిపోతుంది.

"కోపంగా నడవకండి సార్," అంటాడు కుర్చీలో ఉన్న కాపలాదారు. "ఇక్కడ కోపంగా నడిస్తే చేరరు. కొంచెం కృతజ్ఞతగా నడవండి."

నమస్కారం పెట్టి నడుస్తాను. మూడు జరుపుల్లో తలుపు వస్తుంది.

"కంగ్రాట్స్ బసవయ్యగారూ, తొంభై ఒక్క శాతం," అంటుంది స్రవంతి.

"అమ్మా, ఆపరేషన్ ఎవరికి?"

"నాంచారమ్మగారికి."

"మరి నాంచారిని తీసేస్తున్నారేంటి?"

"ఆవిడ ఉంటే తొంభై ఒకటి దగ్గర ఆగిపోతోంది సార్. పేషెంటుని చూస్తే జనానికి భయమేస్తోంది, వేలితో పక్కకి తోసేస్తున్నారు. ఖాళీ మంచం చూసి ఏడుస్తున్నారు. ఏడ్చినవాళ్ళే నొక్కుతున్నారు."

"ఆవిడ లేకపోతే ఆపరేషన్ ఎవరికి చేస్తారమ్మా?"

"నాంచారమ్మగారికి సార్," అంటుంది ఓపిగ్గా, వినపడనివాడికి చెప్పినట్టు. ఫోను నా ముందుకి తోస్తుంది. రెండు మీటలు. ఒకటి ఆపు. రెండోది కానివ్వు. "మీ ఇష్టం లేకుండా ఏదీ చెయ్యం. ఆపితే ఆవిడ వచ్చేస్తారు. ఆపరేషన్ ఉండదు. మీరే నొక్కండి."

నా వేలు వణుకుతుంది. రెంటి మధ్యలో వణుకుతుంది.

"ఇంటికెళ్ళి అడిగొస్తాను," అంటాను.

"ఈ మీటలు మీ ఫోనుకి పంపిస్తాను. సాయంత్రం అయిదు లోపల ఆపకపోతే అదే కానిస్తుంది. ఇలా వెళ్ళండి, దగ్గర దారి."

ఆ దగ్గర దారి ఒక గోదాము గుండా ఉంటుంది. లోపలికి అడుగు పెట్టి అక్కడే నిలబడిపోతాను.

ఫ్యాన్లు. వరసలు వరసలుగా, వేల ఫ్యాన్లు. అవతల సోఫాలు, కుక్కర్లు, ప్లాస్టిక్ పూలు పెట్టిన పూలకుండీలు, టీవీల మీద కప్పే లేసు గుడ్డలు. పట్టుచీరలు కొండలా ఉన్నాయి. చిన్నపిల్లల బూట్లు, అన్నీ కుడికాలివే. ప్రతిదానికీ చీటీ కట్టి ఉంది. ఇవన్నీ ఫొటో తీస్తారని మాలాంటివాళ్ళు అప్పటికప్పుడు ఇరుగుపొరుగుని అడిగి తెచ్చుకున్నవి. ఇంటికొచ్చినవాళ్ళ ముందు పరువుగా కనపడాలని తుడిచి, సర్ది పెట్టుకున్నవి. పేదోళ్ళ దగ్గర ఇంత ఉందని నాకు తెలీదు.

చివరి వరసలో తీగల మీద నవ్వులు ఆరేసి ఉన్నాయి.

మనుషులు లేరు. ఉత్త నవ్వులు, బట్టల క్లిప్పులు పెట్టి. ముసలివాళ్ళవి, పాలపళ్ళవి, పళ్ళ మధ్య వేపపుల్ల పెట్టుకున్నవి. గాలికి ఒకదానికొకటి తగులుతున్నాయి. నడుస్తూ నడుస్తూ ఆగుతాను. పైపన్ను కొంచెం పక్కకి తిరిగి ఉంది.

అటూ ఇటూ చూసి, క్లిప్పు తీసి, నాంచారి నవ్వుని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంటాను. వెచ్చగా ఉంది.

* * *

ఇంటికొచ్చేసరికి మంచం మీద కుంకుమబొట్టు ఒక్కటే ఉంది, గాల్లో, దిండుకి జానెడు ఎత్తున. ఖాజాబీ దాని పక్కన కూచుని విసనకర్రతో విసురుతోంది. కళ్ళు తుడుచుకుంటోంది.

జరిగింది చెబుతాను. అయిదవడానికి ఇరవై నిమిషాలుంది.

"ఆపితే ఏమవుతుంది?" అంటుంది నాంచారి గొంతు.

"నువ్వు వచ్చేస్తావు."

"వచ్చి?"

నేను రేకు పోయిన చోట ఆకాశం వంక చూస్తాను.

"వానలు పడేదాకా ఉంటాను. ఆపకపోతే?"

"ఆపరేషన్ చేస్తారు."

"ఎవరికి?"

"నీకే."

"నేను ఉండనుగా."

"ఉండవు."

నాంచారి నవ్వుతుంది. నా జేబులో రుమాలు కదులుతుంది.

"ఏమయ్యా, ఫ్యాను పోయిందా?"

"పోయింది."

"గాలి వస్తోందా?"

"వస్తోంది."

"మరి నేను పోయినా వచ్చేదేదో వస్తుందిలే. వాల్వంటూ బాగుపడనీ. ఆపకు."

ఖాజాబీ నా చెయ్యి పట్టుకుని, "నొక్కు అన్నా, ఆపు నొక్కు, ఆవిడ మాట వినకు," అంటుంది. నేను వేలు ఎత్తుతాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాంచారి మాట విన్నవాణ్ణి కాదు. ఇవాళ వింటాను, వేలు దించను. అయిదవుతుంది.

బొట్టు పోతుంది. ఫోను నిండా రంగు కాయితాలు ఎగురుతాయి. పచ్చగీత చివరికంటా వెళ్ళిపోయింది. అభినందనలు అని రాసి ఉంది, అక్షరాల్లో వంపు లేదు, సొంపు లేదు.

నేనూ ఖాజాబీ మంచం మీదికి వంగి వింటాం. మంచం మీంచి వస్తోంది. టక్, సుయ్. టక్, సుయ్. మూసుకోని వాల్వు చప్పుడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ గుండె మీద చెవి పెట్టి, ఇదేదో సరసం అనుకున్న చప్పుడు.

లోపలంతా టర్పెంటైన్ నూనెతో కడిగిన అరకిలో రంగుడబ్బా తెస్తాను. మంచం మీద బోర్లించి, చప్పుడు లోపలికి రాగానే మూత నొక్కుతాను.

* * *

ఆస్పత్రిలో ఎవరూ ఆశ్చర్యపోరు. డబ్బాకి పేరున్న పట్టీ కడతారు.

"పేషెంటు పొద్దున్నించి ఏమీ తినలేదుగా?" అంటుంది నర్సు.

"లేదమ్మా."

"నగలు తీసేశారా?"

"అన్నీ తీసేశారు."

నాలుగు గంటలు గడిచాక డాక్టరు బయటికొచ్చి నా చేతిలో డబ్బా పెడతాడు. మూత తీయబోతే వద్దంటాడు. చెవి ఆనించి వింటాను. టక్, టక్. టక్, టక్. సుయ్‌మనడం లేదు. కొత్త ఇంజనులా ఉంది.

"నెల రోజులు బరువులు ఎత్తనివ్వకండి," అంటాడు డాక్టరు. అప్పుడు నాకు మొదటిసారి ఏడుపొస్తుంది. అక్కడే, మందుల షాపు ముందు, డబ్బా గుండెకి ఆనించుకుని ఏడుస్తాను. దారినపోయే ఇద్దరు ఆగి, జేబుల్లోంచి ఫోన్లు తీసి, బొటనవేలు నొక్కుకుంటూ వెళ్ళిపోతారు.

నేను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం ముందు వ్యాను ఆగి ఉంటుంది. ఫ్యాను దించుతున్నారు. సోఫా దించుతున్నారు. ఎర్ర కుక్కర్, చిలకపచ్చ చీర. స్రవంతి నిలబడి చెబుతోంది, అది అటు, ఇది ఇటు అని.

"దాతలకి థాంక్యూ ఫొటో కావాలి సార్. ఆపరేషన్ తరవాత కుటుంబం ఎలా ఉందో చూపించాలి. నాంచారమ్మగారు నవ్వుతూ ఉండాలి."

ఖాజాబీ తన సోఫా మీద కూచుని దిగ్గున లేస్తుంది. "చెక్కలా ఉందిది! నాది కాదు!"

"దీన్ని ఆ మూలకి జరపండి," అంటాను కూలీలతో. జరుపుతారు. మెత్తదనం ఉన్నచోట సోఫా పడగానే ఉస్సుమని నిట్టూరుస్తుంది. ఖాజాబీ మళ్ళీ కూచుంటుంది, ఈసారి దిగబడుతుంది. కుక్కర్ మూడు రాళ్ళ మీద పెడతాను, దాని విజిల్ దానికి దొరుకుతుంది. కొక్కేనికి ఫ్యాను తగిలించగానే కిర్రుమంటుంది. అన్నీ కలుస్తున్నాయి. ఇంక ఒక్కటే.

"అమ్మా, నాంచారి ఏదీ? వ్యాన్లో ఉందా?"

స్రవంతి ఫోనులోంచి తలెత్తుతుంది.

"మనుషుల్ని మేము దాచం సార్. వస్తువులే దాస్తాం. మనుషుల్ని దాచడం నేరం."

"మరి ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడా పెట్టలేదు. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నారుగా, రిపోర్టు వచ్చింది." కాస్త ఇబ్బందిగా చుట్టూ చూస్తుంది. "ఆవిడ నవ్వు ఒక్కటే స్టాకులో దొరకలేదు. మీ దగ్గరేమైనా ఉందా?"

నేను ఆ పిల్ల మొహంలోకి చూస్తాను. మంచిపిల్లే. దాని కళ్ళ కింద నిద్ర లేదు. దాని నోటి దగ్గర చూస్తే, క్లిప్పు పెట్టిన గుర్తులు రెండున్నాయి.

సోఫా మీద చిలకపచ్చ చీర పరుస్తాను. మధ్యలో డబ్బా పెట్టి, కుచ్చిళ్ళు సర్ది, పైట వేస్తాను. ఖాజాబీ వచ్చి పిన్ను పెడుతుంది, ఏడుస్తూనే. జేబులోంచి రుమాలు తీసి విప్పుతాను. డబ్బా మీద, నీలం రంగు ఎండి గట్టిపడిన చోట, నవ్వుని అద్దుతాను.

అంటుకుంటుంది.

"ఖాజాబీ కుక్కర్ ఇచ్చేశావా?" అంటుంది డబ్బా.

నన్ను పక్కన నిలబెట్టి స్రవంతి ఫొటో తీస్తుంది.

వ్యాను వెళ్ళిపోతుంది. ఖాజాబీ సోఫా అడగదు. కుక్కర్ కూడా అడగదు, అది కూసినప్పుడు వచ్చి అన్నం తీసుకెళ్తానంటుంది. నేను నాంచారి ముందు ముక్కాలిపీట వేసుకుని కూచుంటాను. ఆవిడ నవ్వుతోంది. మాట్లాడుతోంది. లోపల టక్ టక్‌మంటోంది. కానీ ఎటు తిరిగి మాట్లాడాలో తెలీడం లేదు.

"నువ్వెక్కడున్నావయ్యా? ఏమీ కనపడదేం?"

"ఉండు. కళ్ళు వేస్తాను."

ఈ చేత్తో వేల లారీలకి కళ్ళు వేశాను. సన్న కుంచె తీసుకుంటాను, తెలుపు కలుపుతాను. ఎడమకంటి గుడ్డు వేసి, నల్లపాప పెట్టి, అందులో వెలుగుచుక్క పెడుతుండగా ఫోను మోగుతుంది. స్రవంతి.

"థాంక్యూ ఫొటోకి స్పందన చాలా బాగుంది సార్. చిన్న మార్పు. పక్కన భర్త లేకపోతే ఇంకా బాగా వస్తోంది."

ఫోను కింద పడుతుంది. పట్టుకోవడానికి వేళ్ళు లేవు.

కుడివైపు చూస్తాను. కుంచె గాల్లో ఉంది. చెయ్యి లేదు. వణుకు ఉంది. కుంచె వణుకుతూనే తెలుపులో మునుగుతుంది, వణుకుతూనే డబ్బా మీదికి వెళుతుంది. చొక్కా చిరుగు పోతుంది, చొక్కా పోతుంది, మీసం పోతుంది. ఫ్యాను కిర్రుమంటోంది. నూనె వెయ్యాలి.

"కదలకే," అంటాను. ఆ మాట పీట దగ్గర్నించి వస్తుందో, కుంచె దగ్గర్నించి వస్తుందో నాకే తెలీదు.

"నేనెక్కడ కదులుతున్నాను, నీ చెయ్యే," అంటుంది నాంచారి.

రెండో కన్ను పూర్తవుతుంది. కొంచెం పెద్దదయింది, లారీ కన్నులా. తడి ఆరకుండానే రెప్ప ఎత్తి నా కోసం ఇల్లంతా వెతకడం మొదలుపెడుతుంది.